పాప నిర్ణయం, ప్రాణహరణం: బాధ్యత ఎవరిది?

2016 జూన్ 12వ తేదీ తెల్లవారుజామున, రమజాను మాసపు తొలి వారంలో, అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రానికి చెందిన ఆర్లాండో నగరంలో ఒక ఘోరం జరిగింది. స్వలింగ సంపర్కులు ఎక్కువగా కలుసుకొనే 'పల్స్' అనే నైట్‌క్లబ్బులో ఒక యువకుడు తుపాకితో ప్రవేశించి 49 మందిని చంపి, 53 మందిని గాయపరచాడు. సుమారు మూడు గంటల తరువాత పోలీసుల కాల్పులలో తానూ మరణించాడు. అతడు అమెరికాలో పుట్టి పెరిగినవాడు. ముస్లిం కుటుంబానికి చెందినవాడు. ఆ రాత్రి పోలీసులకు ఫోను చేసి తాను 'దాయిష్' నాయకునికి విధేయత ప్రకటించినట్లు చెప్పుకున్నాడు.

ఆనాటి నుండి రెండు వాదాలు పదే పదే వినబడుతున్నాయి. మొదటిది బయటివారి వాదం: ఇస్లాం స్వలింగ సంపర్కాన్ని పాపమంటున్నది గనుక ఈ రక్తపాతానికి ఇస్లామే బాధ్యత వహించాలి, ముస్లింలు తమ ధర్మాదేశాన్ని మార్చుకొననంత వరకు వారి ఖండనలు ఉత్తమాటలే. రెండవది మనలో కొందరి సమాధానం: హంతకుడు పిచ్చివాడు, అతనికీ ధర్మానికీ సంబంధం లేదు, కాబట్టి మనం ఆలోచించవలసినదేమీ లేదు. మొదటి వాదం అన్యాయమైనది. రెండవది అన్యాయం కాకపోయినా అసంపూర్ణమైనది. ఒక కార్యాన్ని పాపమని నమ్మడానికీ, ఆ పాపిని చంపే అధికారం తనకున్నదని తలచడానికీ మధ్య షరీఅత్ ఎంతటి దూరాన్ని ఉంచిందో మొదటివారు ఎరుగరు. ఆ దూరాన్ని మన ప్రజలకు స్పష్టంగా చెప్పవలసిన కర్తవ్యం మనపై ఉన్నదన్న సంగతి రెండవవారు మరచిపోతారు. ఈ వ్యాసంలో ఆ రెంటినీ వివరించడానికి ప్రయత్నిస్తాం.

సంఘటనలను ఉన్నవి ఉన్నట్లు చూడాలి

న్యాయంగా మాట్లాడదలచినవాడు ముందు వాస్తవాలను తెలుసుకోవాలి. ఆర్లాండో హంతకుడు స్వలింగ సంపర్కులపై ద్వేషంతోనే ఆ స్థలాన్ని ఎన్నుకున్నాడని మొదట లోకమంతా భావించింది. 2018లో ఆర్లాండో న్యాయస్థానంలో జరిగిన విచారణలో మరొక చిత్రం బయటపడింది. అతడు ఆ రాత్రి ముందుగా గురిపెట్టినది వేరొక ప్రసిద్ధ విహార స్థలమని ప్రాసిక్యూషన్‌వారే వాదించారు. పోలీసులతో మాట్లాడినప్పుడు అతడు సిరియా, ఇరాకులపై అమెరికా విమానదాడులను గూర్చి చెప్పాడు. అందువలన ఆ ఒక్క సంఘటనను పట్టుకొని, 'ధర్మాదేశమే ఆ తుపాకిని పేల్చింది' అని తీర్మానించడం తొందరపాటు అవుతుంది.

అయితే దీనితో ప్రశ్న సమసిపోదు. 2014 జూన్ మాసాంతాన మోసుల్ కేంద్రంగా 'ఖిలాఫత్' ప్రకటించుకున్న దాయిష్ ముఠా, స్వలింగ సంపర్కులని తాను నిందించిన మనుషులను ఎత్తైన కట్టడాలపై నుండి క్రిందికి త్రోసి చంపింది. ఆ దృశ్యాలను తానే ఫోటోలు తీసి ప్రపంచానికి చాటుకున్నది. అది షరీఅత్ అమలు అని చెప్పుకున్నది. 2016 ఏప్రిల్ 25న ఢాకా నగరంలో, స్వలింగ సంపర్కుల హక్కుల కోసం పత్రిక నడిపిన ఒక వ్యక్తినీ, అతని మిత్రునీ ఇంట్లోనే నరికి చంపారు. ఆ హత్యలు చేసింది తామేనని ఒక తీవ్రవాద సంస్థ ప్రకటించింది. 2021 ఆగస్టులో అక్కడి న్యాయస్థానం ఆరుగురికి మరణశిక్ష విధించింది. 2022 జూన్ 25న నార్వే రాజధాని ఓస్లోలో ఇటువంటి వారు కలుసుకొనే చోటున కాల్పులు జరిగి ఇద్దరు మరణించారు. 2024లో హంతకునికి 30 సంవత్సరాల శిక్ష పడింది. ఈ సంఘటనలలో మన ధర్మం పేరు వాడుకున్నారు. మనం మాట్లాడక తప్పదు.

ఈ రోగం ఒక్క సమాజానిదే కాదన్నది కూడా వాస్తవమే. 2015 జూలై 30న జెరూసలేములో స్వలింగ సంపర్కుల ఊరేగింపుపై ఒక ఛాందస యూదుడు కత్తితో విరుచుకుపడ్డాడు. 16 ఏళ్ల బాలిక మరణించింది. 2005లో అదే నగరంలో అదే దుష్కార్యం చేసి జైలుకు పోయిన ఆ మనిషి విడుదలైన కొద్ది వారాలకే మళ్ళీ కత్తి పట్టాడు. ఆర్లాండోలో మరణించినవారిని గూర్చి సంతోషం వెలిబుచ్చిన క్రైస్తవ ప్రచారకుడు కూడా అమెరికాలో లేకపోలేదు. ఇతరులలోనూ ఉన్నదని చెప్పి మన బాధ్యతను దించుకోవడానికి ఈ మాటలు వ్రాయడం లేదు. తనను తాను దైవదండంగా నియమించుకొనే మనిషి ఏ మతంలోనైనా ఒకే విధంగా తయారవుతాడని గుర్తించడానికే వ్రాస్తున్నాం.

ధర్మశాస్త్రం చెప్పేదేమిటి?

మన నమ్మకాన్ని దాచుకోవలసిన అవసరం లేదు. స్త్రీ పురుషుల మధ్య వివాహ బంధానికి వెలుపల ఉన్న లైంగిక సంబంధమంతటినీ ఇస్లాం నిషేధించింది. పురుషుడు పురుషునితో పొందే సంపర్కం నిషిద్ధమని నాలుగు మజ్‌హబ్‌ల వారూ, జాఫరీ పండితులూ ఏకాభిప్రాయంతో చెప్పారు. నేటి కాలంలో కొందరు రచయితలు ఖుర్ఆన్ వాక్యాలకు వేరు భాష్యం చెప్పజూస్తున్నారు. ఉలమాలో అత్యధికులు దానిని అంగీకరించలేదు. మనసులో కలిగే ఆకర్షణ వేరు, చేసిన కార్యం వేరు అన్నది కూడా ధర్మశాస్త్రంలో స్థిరపడిన విషయమే. హృదయంలో మెదలే వాటిని, అవి మాటగానో చేతగానో వెలువడనంత వరకు, అల్లాహ్ ఈ సముదాయానికి మన్నించాడని దైవప్రవక్త (స) తెలియజేశారు. పుట్టుకతోనే స్త్రీ స్వభావం గల పురుషుని విషయంలో నిందగాని పాపంగాని లేదని ఇమాం నవవీ సహీహ్ ముస్లిం వ్యాఖ్యానంలో వ్రాశారు.

పాపమన్నంత వరకు ఏకాభిప్రాయం ఉన్నది. ఇహలోక శిక్ష వద్దకు వచ్చేసరికి ఆ ఏకాభిప్రాయం లేదు. ఈ సంగతి మన సామాన్య ప్రజలలో చాలామందికి తెలియదు. ఇమాం మాలిక్, ఇమాం అహ్మద్ మరణదండన అన్నారు. షాఫిఈ మజ్‌హబ్‌లో ప్రబలమైన అభిప్రాయం ప్రకారం దీనికి వ్యభిచార దండనే వర్తిస్తుంది. ఇమాం అబూ హనీఫా శిష్యులైన అబూ యూసుఫ్, ముహమ్మద్ కూడా దానినే చెప్పారు. కాని మన ప్రాంతపు ముస్లింలలో అత్యధికులు అనుసరించే మజ్‌హబ్‌కు మూలపురుషుడైన ఇమాం అబూ హనీఫా (మరణం హిజ్రీ 150) ఇందుకు నిర్ణీత దండన, అనగా 'హద్దు', లేదనీ, ఖాజీ విచక్షణకు వదలిన 'తాజీరు' మాత్రమే ఉన్నదనీ అన్నారు. సహాబాలలోనే శిక్షను గూర్చి భేదాభిప్రాయం ఉండడం ఆయన పక్షాన చెప్పబడిన హేతువులలో ఒకటి. అలవాటుగా చేసేవాని విషయంలో పాలకుడు కఠినంగా వ్యవహరించవచ్చునని తరువాతి హనఫీ పండితులు అన్నమాట నిజమే; అదికూడా పాలకునికి సంబంధించిన అధికారమే. అందులూసియా పండితుడు ఇబ్నె హజ్మ్ (మరణం హిజ్రీ 456) చంపాలన్న హదీసుల పరంపర నిలువదని వాదించి, పది కొరడా దెబ్బలకు మించని తాజీరు చాలునన్నారు. ఆ విషయమై ఇబ్నె అబ్బాస్ (రజి) ద్వారా చెప్పబడిన హదీసు అబూ దావూద్, తిర్మిజీ, ఇబ్నె మాజా గ్రంథాలలో ఉన్నది. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో లేదు. దాని పరంపరపై హదీసు విమర్శకులు చర్చించారు.

ఇంత భేదాభిప్రాయమున్న విషయాన్ని, చదువు చాలని ఒక యువకుడు 'ఇస్లాం ఆజ్ఞ ఇదే' అని ఒక్క వాక్యంలో తేల్చివేస్తే, అతనికి ఆ వాక్యం ఎక్కడ దొరికిందో మనం అడగాలి.

తీర్పుకూ కత్తికీ మధ్య

మరణదండన చెప్పిన ఇమాములు సైతం దానిని ఎవరి చేతిలో పెట్టారు? ఏ మజ్‌హబ్ గ్రంథం తెరిచినా సమాధానం ఒక్కటే: హద్దు అమలు పాలకునికి లేదా అతడు నియమించిన ఖాజీకి చెందిన పని. హిజ్రీ అయిదవ శతాబ్దంలో అల్ మావర్దీ 'అల్ అహ్‌కాముస్సుల్తానియ్యా' గ్రంథంలో ఈ అధికారాల హద్దులను వివరంగా నిర్ణయించారు. నేరారోపణ రావాలి, విచారణ జరగాలి, సాక్ష్యం నిలవాలి, సందేహం తొలగాలి. సందేహమున్న చోట దండన ఆగిపోవాలన్నది ఫుఖహాలందరూ గ్రహించిన సూత్రం. బజారులో తిరిగే మనిషికి, ఎంత పుణ్యాత్ముడైనా, ఈ మెట్లలో ఒక్కదానిపై కూడా కాలు మోపే అధికారం లేదు.

సాక్ష్యపు షరతు ఎంత కఠినమైనదో చూడండి. వ్యభిచార విషయంలో నలుగురు ప్రత్యక్ష సాక్షులు కావాలని ఖుర్ఆన్ శాసించింది. నలుగురిని తేలేక నింద వేసినవానికే 80 కొరడా దెబ్బలు నిర్ణయించి, ఇక మీదట వాని సాక్ష్యం చెల్లదన్నది (అన్నూర్: 4). ఈ నియమం గల సమాజంలో ఎవరిని గూర్చి ఎవరైనా నాలుక జారడానికి భయపడాలి. నేడు ఒకని నడకను చూచి, దుస్తులను చూచి, స్నేహాలను చూచి పేరు పెట్టేవారు తాము ఏ శాసనం క్రింద నేరస్థులవుతారో ఆలోచించుకోవాలి.

కూపీ తీయడాన్ని కూడా ఖుర్ఆన్ స్పష్టంగా నిషేధించింది (అల్ హుజురాత్: 12). ఇమాం గజాలీ (మరణం హిజ్రీ 505) 'ఇహ్యా'లో మంచిని ఆజ్ఞాపించి చెడును నివారించే నియమాలను చర్చిస్తూ, వెదకి పట్టుకోవలసి వచ్చే పాపం జోలికి పోరాదనీ, దానంతట అది బయటపడినదే నివారణకు తగినదనీ వ్రాశారు. అక్కడే ఆయన హజ్రత్ ఉమర్ (రజి) గాథను ఉదాహరించారు. ఖలీఫా ఒక రాత్రి గోడ దూకి ఒక ఇంట్లో జరుగుతున్న పాపకార్యాన్ని చూశారు. ఆ ఇంటివాడు, తాను ఒక్క తప్పు చేశాననీ, ఖలీఫా మాత్రం మూడు చేశారనీ విన్నవించాడు: రహస్యం వెదికారు, ద్వారం విడిచి గోడ దూకి వచ్చారు, సలాము చెప్పి అనుమతి అడగలేదు. అర్ధ ప్రపంచాన్ని శాసించిన ఆ ఖలీఫా, పశ్చాత్తాపం చెందమని మాత్రం చెప్పి అతనిని విడిచిపెట్టారు. ఖలీఫాకే దాటరాని గోడ తుపాకి కొన్నవాడికి ఎలా దాటదగినదవుతుంది?

మాఇజ్ (రజి) వృత్తాంతం కూడా పాఠకులు ఎరిగినదే. ఆయన తనంతట తాను వచ్చి వ్యభిచార పాపాన్ని ఒప్పుకుంటే దైవప్రవక్త (స) మాటిమాటికీ ముఖం త్రిప్పుకున్నారు. బహుశా ముద్దు పెట్టుకొని ఉంటావేమో అంటూ తప్పించుకొనే త్రోవ చూపారు. ఆయనను రమ్మని ప్రోత్సహించిన వ్యక్తితో, నీ వస్త్రంతో అతనిని కప్పి ఉంటే నీకు మేలయ్యేదని చెప్పారు. కారుణ్య ప్రవక్త కప్పిపుచ్చమన్న దానిని బయటకు లాగి, కెమెరా ముందు నిలబెట్టి, మేడపై నుండి త్రోసినవాడు ఆ ప్రవక్త పేరు చెప్పుకోవడం ఎంతటి ఘోరమైన అపచారం!

ఇక ఆర్లాండో వంటి చోట మరొక నిబంధన కూడా ఉన్నది. ఒక దేశంలో పౌరుడుగానో అనుమతిపత్రంతోనో నివసించే ముస్లిం ఆ దేశంతో ఒడంబడికలో ఉన్నవాడు. అక్కడివారి ప్రాణానికి, ధనానికి హాని తలపెట్టడం ద్రోహమని హనఫీ ఫుఖహా తమ గ్రంథాలలో వ్రాసి ఉంచారు. ఒడంబడికలో ఉన్నవానిని చంపినవాడు స్వర్గ సుగంధాన్ని సైతం ఆఘ్రాణించలేడని బుఖారీలోని హదీసు హెచ్చరిస్తున్నది.

లూత్ (అలై) గాథలో మరువరాని ఘట్టం

హింసను సమర్థించేవారు చివరకు హజ్రత్ లూత్ (అలై) జాతి వినాశాన్ని చూపుతారు. ఖుర్ఆన్‌లో అనేక సూరాలలో వచ్చే ఆ గాథను సాంతం చదవాలి. ఆ జాతి నేరాలలో దారి దోపిడీ, సభలలో బాహాటపు దుష్కార్యాలు కూడా ఉన్నవని సూరా అన్‌కబూత్ చెబుతున్నది. అతిథులపై బలాత్కారానికి వారు గుంపుగా వచ్చినట్లు సూరా హూద్ వర్ణిస్తున్నది. హజ్రత్ లూత్ (అలై) ఏమి చేశారు? బోధించారు, బ్రతిమాలారు, తన అతిథుల మానం కోసం తలుపు వద్ద నిలిచారు, అల్లాహ్‌ను వేడుకున్నారు, ఆజ్ఞ రాగా రాత్రివేళ ఊరు విడిచి వెళ్ళారు. ఒక్కరి మీద కూడా చేయి ఎత్తలేదు. ఆ జాతిని శిక్షించినవాడు అల్లాహ్. ఆ పని ఏ మానవునికీ అప్పగించబడలేదు.

అదే సూరా హూద్‌లో మరొక ఘట్టం ఉన్నది (74-76). దైవదూతలు వినాశవార్త తెచ్చినప్పుడు హజ్రత్ ఇబ్రాహీం (అలై) లూత్ జాతి పక్షాన అల్లాహ్‌తో వాదించసాగారు. దైవనిర్ణయం అయిపోయిందని ఆయనకు చెప్పబడింది. కాని అలా వాదించినందుకు ఆయన మందలింపబడలేదు. అక్కడే ఖుర్ఆన్ ఆయనను ఓర్పు గలవాడనీ, మృదుహృదయుడనీ, అల్లాహ్ వైపు మరలేవాడనీ ప్రశంసించింది. పాపిష్ఠి జాతి అని తెలిసి కూడా వారి కోసం తల్లడిల్లడం ప్రవక్తల లక్షణమని ఇక్కడ తేటతెల్లమవుతున్నది. ఆర్లాండో మృతుల పేర్లు చదివి కంట నీరు పెట్టిన ముస్లిం తన ధర్మానికి దూరం జరగలేదు. ఖలీలుల్లాహ్ అడుగుజాడలలోనే ఉన్నాడు.

ఖవారిజుల వారసత్వం

ఇట్టి మనస్తత్వం మన చరిత్రకు క్రొత్తది కాదు. హిజ్రీ 38వ సంవత్సరంలో ఖవారిజులు నహ్రవాన్ ప్రాంతంలో సహాబీ కుమారుడైన అబ్దుల్లా బిన్ ఖబ్బాబ్‌ను, గర్భవతియైన ఆయన స్త్రీని చంపారు. చెట్టు నుండి రాలిన ఖర్జూరాన్ని ఒకడు నోట వేసుకుంటే, యజమాని అనుమతి లేదని వాని చేత ఉమ్మివేయించినది వారే. ముస్లిమేతరునికి చెందిన పందిని చంపితే నష్టపరిహారం ఇప్పించినదీ వారేనని చరిత్రకారులు వ్రాశారు. ఖర్జూరం దగ్గర అంత సూక్ష్మంగా హలాల్, హరామ్ చూచినవారికి నిండు ప్రాణం విషయంలో సంకోచం కలుగలేదు. రెండేళ్ల తరువాత హజ్రత్ అలీ (రజి) వారిలో ఒకని కత్తికే బలియైనారు.

పాపం చేసినవాడు ధర్మభ్రష్టుడనడం, ధర్మభ్రష్టుడన్న తరువాత తామే వానిని చంపవచ్చుననడం వారి మార్గం. అహ్లె సున్నత్ పండితులు ఆనాడే ఈ రెంటినీ త్రోసిపుచ్చారు. 2014 సెప్టెంబరులో ప్రపంచంలోని 126 మంది పండితులు దాయిష్ నాయకునికి వ్రాసిన బహిరంగ లేఖలో, న్యాయాన్నీ కారుణ్యాన్నీ కాపాడే సరియైన విధానం లేకుండా హద్దులు అమలు చేయడం నిషిద్ధమని స్పష్టం చేశారు. మన దేశంలో దారుల్ ఉలూం దేవ్‌బంద్ 2008లో ఉగ్రవాదానికి వ్యతిరేకంగా ఫత్వా ఇచ్చింది; అదే ఏడాది నవంబరులో మన హైదరాబాదులో జరిగిన జమీఅతె ఉలమాయె హింద్ మహాసభలో దాదాపు 6,000 మంది ఉలమా దానిని బలపరచారు. ఆర్లాండో ఘటన జరిగిన రోజుననే అమెరికాలోని ముస్లిం సంస్థలు దానిని ఖండించి, గాయపడినవారికి రక్తదానం చేయమని పిలుపునిచ్చాయి. 'ముస్లింలు ఎందుకు ఖండించరు?' అని అడిగేవారు ఈ వాస్తవాలను గమనించాలి.

బాధ్యత ఎవరిది?

బాధ్యతను ఫిఖ్‌హ్ ఎలా పంచుతుంది? ఒకని భారాన్ని మరొకడు మోయడని ఖుర్ఆన్ నిర్ద్వంద్వంగా చెప్పింది (అల్ అన్ఆమ్: 164). కాబట్టి ఆర్లాండో హత్యలకు హైదరాబాదులోని ముస్లింగాని, అదే వీధిలో నివసించే ముస్లింగాని నేరస్థుడు కాడు. ఫుఖహా 'ముబాషిర్', 'ముతసబ్బిబ్' అని ఇద్దరిని వేరు చేశారు: కార్యాన్ని స్వయంగా చేసినవాడు ఒకడు, దానికి కారణమైనవాడు మరొకడు. ఇద్దరూ ఉన్నచోట నేరం స్వయంగా చేసినవానికే అంటుతుందని ఉస్మానీ ప్రభుత్వం 1869-1876 మధ్య కూర్చిన 'మజల్లా'లో 90వ నిబంధనగా వ్రాయబడింది. చట్టం దృష్టిలో బాధ్యత తుపాకి పేల్చినవానిది, వానికి తెలిసి సహకరించినవారిది.

కాని అల్లాహ్ న్యాయస్థానం మజల్లాతో ముగిసిపోదు. ఒక ప్రయాణంలో ఒక సహాబీ తలకు రాయి తగిలి గాయమైంది. ఆ స్థితిలో ఆయనకు స్నానం విధియైంది. తయమ్ముముకు అనుమతి ఉన్నదా అని తోటివారిని అడిగితే వారు తెలియకనే లేదన్నారు. ఆయన స్నానం చేసి మరణించారు. ఆ వార్త విన్న దైవప్రవక్త (స), వారే అతనిని చంపారని ఆగ్రహించారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవద్దా అన్నారు. అక్కడ కత్తి లేదు, ద్వేషం లేదు. తెలియక చెప్పిన ఒక ఫత్వా మాత్రమే ఉన్నది. చెడు సంప్రదాయాన్ని ప్రారంభించినవానికి దానిని అనుసరించినవారి పాపంలో కూడా భాగముంటుందన్న హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది.

ఈ గీటురాయిపై మన ప్రసంగాలను గీచి చూచుకోవాలి. 2013లో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో ఒక పండితుడు స్వలింగ సంపర్కానికి మరణదండనను గూర్చి చేసిన ప్రసంగం 2016లో మళ్ళీ ప్రచారంలోకి వచ్చింది. హంతకుడు దానిని విన్నాడనడానికి ఆధారం బయటపడలేదు. ఆ పండితుడు హత్యలను ఖండించి, తాను చెప్పినది ఇస్లామీ చట్టం అమలులో ఉన్న దేశాలకు సంబంధించిన మాట అని వివరించాడు. అతనిపై నేరం మోపడం న్యాయం కాదు. కాని ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. శిక్షను వర్ణించడానికి ఒక గంట తీసుకొని, దాని షరతులకు ఒక్క నిమిషం కూడా ఇవ్వని ప్రసంగం శ్రోతలలో ఏమి నాటుతుంది? నూరుగురిలో తొంభై తొమ్మండుగురు విని ఇంటికి పోతారు. మిగిలిన ఒక్కడు తన బ్రతుకులోని ఓటమికి, క్రోధానికి ఒక పవిత్రమైన పేరు దొరికిందనుకుంటాడు. వానికి షరతులు చెప్పవలసినది ఎవరు?

మన కర్తవ్యం

మొదటిది మింబరుకు చెందినది. హరామును హరామని చెప్పే ఖతీబు, అదే ప్రసంగంలో, శిక్షించే అధికారం వ్యక్తికి లేదనీ, కూపీ తీయడం హరామనీ, నింద వేయడం దండనార్హమనీ, తౌబా ద్వారం తెరిచే ఉన్నదనీ చెప్పాలి. ఎగతాళి, బూతు, శాపనార్థాలు ధర్మబోధ కావు. మద్యం త్రాగి పదే పదే శిక్ష పొందిన ఒక మనిషిని ఎవరో శపిస్తే, దైవప్రవక్త (స) వారించి, అతడు అల్లాహ్‌నూ ప్రవక్తనూ ప్రేమించేవాడని చెప్పారు. 'ఫలానావానిని అల్లాహ్ క్షమించడు' అని ప్రమాణం చేసినవాని కర్మలే వ్యర్థమై, ఆ పాపి క్షమించబడ్డాడని కూడా హదీసులో ఉన్నది.

రెండవది ఖండనకు చెందినది. హత్యను ఖండించే వాక్యం అక్కడితో ముగియాలి. 'చంపడం తప్పే, కాని వారు కూడా...' అని సాగదీసే మాటలో, ఆ 'కాని' తరువాత వచ్చేదంతా హంతకునికి ఉపకరిస్తుంది. హత్యను ఖండించడానికి మన ధర్మాదేశాన్ని మార్చుకోనక్కరలేదు. ధర్మాదేశాన్ని నిలుపుకోవడానికి ఖండనను పలుచన చేయనక్కరలేదు. ఒక సముదాయంపై విరోధం మిమ్మల్ని న్యాయం నుండి తప్పించరాదన్న ఆదేశం (అల్ మాయిదా: 8) ఇట్టి సమయాల కోసమే వచ్చింది.

మూడవది దేశచట్టానికి చెందినది. 1860లో బ్రిటిషు పాలకులు తెచ్చిన శిక్షాస్మృతిలోని 377వ సెక్షనుపై 2009లో ఢిల్లీ హైకోర్టు తీర్పు వచ్చినప్పుడు, ఇతర మతస్థులతో పాటు ముస్లిం సంస్థలు కూడా సుప్రీంకోర్టుకు వెళ్ళి తమ వాదన వినిపించాయి. 2013లో తీర్పు ఒక రీతిగా వచ్చింది. 2018 సెప్టెంబరు 6న మరొక రీతిగా వచ్చి, వయోజనుల పరస్పర సమ్మతితో జరిగే సంబంధం నేరం కాదని తేలింది. అభిప్రాయభేదాన్ని వెలిబుచ్చడానికి న్యాయస్థానం, పత్రిక, వేదిక ఉన్నాయి. చట్టం నేరం కాదన్న దానిని పాపమని విశ్వసించే స్వేచ్ఛ మనకున్నది. ఆ విశ్వాసంతో మరొకని ఒంటిపై చేయి వేసే స్వేచ్ఛ ఎవరికీ లేదు.

నాలుగవది మన ఇళ్ళకు చెందినది. ఇదే అన్నింటి కంటె కష్టమైనది. స్వలింగ ఆకర్షణ గల యువతీయువకులు మన కుటుంబాలలో కూడా ఉంటారు. ఒక కుమారుడు ధైర్యం చేసి తండ్రితో ఆ మాట చెబితే, కొట్టడం, గెంటివేయడం, తాయెత్తుల వారికీ మంత్రగాండ్రకూ అప్పగించడం, నలుగురిలో పరువు తీయడం ధర్మం కాదు. 'నికాహ్ చేస్తే కుదురుకుంటాడు' అని తలచి, ఏమీ ఎరుగని ఒక ఆడపిల్లను తెచ్చి కట్టబెట్టడం ఇంకా పెద్ద అన్యాయం. అందులో ఒకరికి బదులు ఇద్దరి జీవితాలు చెడిపోతాయి. ఆ బిడ్డ మనసులోని ఆకర్షణకు పాపం వ్రాయబడదని ధర్మమే చెబుతున్నది. అతని రహస్యం అమానతు. తన దైవంతో తాను పోరాడుకుంటున్నవానికి తల్లిదండ్రుల నీడ అవసరం. ఆ నీడ దొరకనివాడు ఆత్మహత్యకో, ధర్మద్వేషానికో, తనపై తనకున్న ద్వేషాన్ని ఇతరులపై చల్లార్చుకొనే తీవ్రవాదుల చేతికో పోవచ్చు.

పాపాన్ని పాపమని చెప్పే ధైర్యం ముస్లింకు ఉండాలి. అంతకంటె ముఖ్యంగా, అకారణంగా ఒక ప్రాణం తీయడం మానవజాతినంతటినీ చంపడంతో సమానమన్న ఖుర్ఆన్ తీర్పు (అల్ మాయిదా: 32) తన నాలుకపై ఎల్లప్పుడు ఉండాలి. ఆ తీర్పులో మృతుడు పుణ్యాత్ముడై ఉండాలన్న షరతు లేదు.